సకినానికి ఎన్ని సుట్లు?

హన్మకొండలో మా వాడకట్టులో ప్రతి ఆదివారం పొద్దున ఒకింట్లోంచి వినపడే మాట: "బిడ్డా, బువ్వ తిన్నవా?" డాలస్‌లో అప్పుడు శనివారం రాత్రి. నాలుగేళ్ల మనవరాలు ఫోన్లోంచి "యెస్" అంటుంది. బాపమ్మ అడిగింది తెలుగులో, పిల్లకు అర్థమైందీ తెలుగే. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇంగ్లీషు. ఫోన్ పెట్టేశాక ఆ పెద్దమ్మ చాలాసేపు మాట్లాడదు.

పిల్లది మొండితనమని నేననుకోను. చెవి ఎలా తయారవుతుందో ముందు చూడాలి. 'త', 'ట'ల తేడా మనకు సహజంగా వినిపిస్తుంది. కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో వెల్లడించిన పరిశోధనలో, ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే 6-8 నెలల పసివాళ్లు హిందీలోని ఈ రెండు ధ్వనులనూ విడిగా పోల్చుకున్నారు. 10-12 నెలలకు వచ్చేసరికి చాలామందికి అది చేతకాలేదు. పసి చెవి రోజూ వినేదానికి పదునెక్కుతుంది, వినని తేడాలను పట్టించుకోవడం మానేస్తుంది. ఇంట్లో అమ్మానాన్నలు తెలుగే మాట్లాడతారు కాబట్టి మన పిల్ల చెవికి ఆ లోటు లేదు.

యూట్యూబ్ పాటలు పెడితే చాలదా అంటారు కొందరు. 2003లో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికా పసివాళ్లకు మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని 12 సార్లు ఆడిస్తూ మాట్లాడితే ఆ ధ్వనులు పట్టుబడ్డాయి. తెరమీద చూసిన పిల్లలకు పట్టుబడలేదు. అయితే 2014లో మరో బృందం రెండేళ్లు దాటిన పిల్లలతో వీడియో కాల్ చేయించింది. అవతలి మనిషి తమకు వెంటవెంటనే బదులిస్తుంటే వాళ్లు కొత్త క్రియలు నేర్చుకున్నారు, రికార్డు చేసిన వీడియోతో నేర్చుకోలేదు. ఇది చదివినప్పుడు నాకు బాపమ్మ ఫోనే గుర్తొచ్చింది.

వినడం ఒకటి, పలకడం ఇంకొకటి. బెల్జియంలో అనిక్ డి హౌవర్ దాదాపు 1,900 కుటుంబాలను పరిశీలిస్తే, ఇంట్లో రెండో భాష వినిపిస్తున్నా నాలుగో వంతు ఇళ్లలో పిల్లలు దాన్ని మాట్లాడటం లేదు. "యెస్"తో పని జరిగిపోతే "తిన్న" అనాల్సిన అవసరం పిల్లకేముంది?

సంక్రాంతికి ముందు బాపమ్మ కొత్త బట్టమీద సకినాలు చుడుతూ ఫోన్ నిలబెట్టింది. తిన్నవా అని అడగలేదు. "ఎన్ని సుట్లు తిప్పాలె, నువ్వే చెప్పు."

"త్రీ."

"మూడా?" ఆమె చెయ్యి పిండిమీదే ఆగింది.

పిల్ల తెర దగ్గరికి జరిగింది. "మూడు కాదు బాపమ్మా, నాలుగు. పెద్దగ చెయ్."