చోడి పొట్టు తీయడం ఎందుకంత కష్టం?

ఆవగింజంత ఉండే చోడి (రాగి) గింజను వడ్లలా దంపితే పొట్టు ఊడదు, గింజే పిండైపోతుంది. దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగువాళ్లయినా ఒడియావాళ్లయినా చోళ్లను పొట్టుతోనే తిరగలిలో విసిరి అంబలి కాచుకునేది అందుకే. లోపలి పప్పు మెత్తన. పైనున్న ఎర్రటి పొట్టు ఐదు పొరలుగా దాన్ని గట్టిగా అంటుకుని ఉంటుంది. దంపుడు దెబ్బకు పొట్టు కంటే ముందు పప్పే చితికిపోతుంది.

ఈ పలచని పొట్టు ఒక్క శాస్త్రానికి లొంగే విషయం కాదు. పంటలవాళ్లకు అది రక్షణ. దానిలోని టానిన్లు అనే వగరు పదార్థాలు బూజును అడ్డుకుంటాయి. బూజు వల్ల వచ్చే అగ్గి తెగులు వెన్ను మెడకు తగిలితే గింజ పాలుపోసుకోక తాలైపోతుంది. టానిన్లు తక్కువున్న తెల్ల చోడి రకాల్లో ఈ తెగులు బెడద సాధారణంగా ఎక్కువ. బిస్కెట్లు చేసేవాళ్లకు మాత్రం తెల్ల పిండే నచ్చుతుంది. ఇక పోషకాహార శాస్త్రం చూస్తే, 100 గ్రాముల చోళ్లలో సుమారు 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది 10 మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే. చోళ్ల కాల్షియంలో చెప్పుకోదగ్గ భాగం పొట్టులోనే ఉంది. అయితే ఇనుము, జింకు, కాల్షియం ఒంటికి పట్టకుండా కట్టేసే ఫైటేట్లు, టానిన్లు కూడా అక్కడే ఉన్నాయి. పొట్టు తీస్తే కాల్షియం పోతుంది, ఉంచితే అందులో కొంతే అందుతుంది. ఎకరా దిగుబడి ఒక్కటే చూసి రకాన్ని ఎంచడం అందుకే అరకొర పని. విత్తనం ఎంచేటప్పుడే మిల్లు ఇంజనీరు, రసాయన శాస్త్రవేత్త, పోషకాహార నిపుణులు పక్కన కూర్చోవాలి.

2017లో మొదలైన ఒడిశా మిల్లెట్స్ మిషన్ తొలి ఏడు జిల్లాల్లో కోరాపుట్, రాయగడ, గజపతి, మల్కన్‌గిరి ఉన్నాయి. 15 నుంచి 20 రోజుల లేత నారును 25 సెంటీమీటర్ల ఎడంతో వరుసల్లో నాటి, మధ్యలో కలుపు యంత్రం నడిపే పద్ధతి ఆ కార్యక్రమంతో ఊళ్లలోకి వచ్చింది. పండించడం ఒక దారిన పడింది. పండినదాన్ని మంచి తిండిగా మార్చడం మీదే ఇప్పుడు ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ పొట్టు తీయడానికి ఒక ఉపాయం కనిపెట్టింది. చోళ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెడతారు. లోపలి పిండిపదార్థం ఉడికి, ఆరాక గట్టిపడుతుంది. అప్పుడు పైపైన తడి చేసి గరుకు రాయి మిల్లులో ఆడిస్తే గింజ చితకకుండా పొట్టు రాలుతుంది. ఆ గింజను అన్నంలా వండుకోవచ్చు. కానీ ఆవిరికీ ఆరబెట్టడానికీ ఇంధనం కావాలి, పొట్టుతో కొంత కాల్షియమూ పోతుంది. పల్లెల్లోని చిన్న సంఘాలకు ఇది భారమే.

వాటికి సరిపోయేది మొలక పిండి. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఒక ఎంజైము ఫైటేట్లను తగ్గిస్తుంది, అమైలేజ్ అనే మరొకటి పిండిపదార్థాన్ని చిన్న ముక్కలు చేస్తుంది. 10 కిలోలు చేయాలనుకోండి. రాళ్లు ఏరి, కడిగి, తేలిన తాలును పారబోసి, 12 గంటలు నానబెట్టాలి. మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి, లేకుంటే గాలి అందక పులుపు వాసన కొడుతుంది. తర్వాత తడి గోనె మీద రెండు మూడు సెంటీమీటర్ల మందానికి మించకుండా పరవాలి. మొలకెత్తే గింజ వేడి పుట్టిస్తుంది. కుప్ప ఎత్తుగా ఉంటే నడిమి గింజలు ఉడుకెత్తి బూజు పడతాయి. ఆరేడు గంటలకోసారి నీళ్లు చిలకరించి కలియబెడుతూ ఉంటే 24 నుంచి 36 గంటల్లో మొలక కనబడుతుంది. కోరాపుట్ కొండల మీద పుష్యమాసపు చలిలో ఇంకో రోజు పట్టవచ్చు.

పలచగా ఎండబోసి, పంటికింద పటుక్కుమనేదాకా ఆరనివ్వాలి. గుడ్డలో వేసి నులిమి, వేళ్లు రాల్చి, చేటతో చెరగాలి. ఆ వేళ్లు ఉండిపోతే పిండి చేదెక్కుతుంది. అన్నీ అయ్యేసరికి బరువు సుమారు పదోవంతు తగ్గుతుంది. చాలామంది పొరబడేది ఆ తర్వాతే: కమ్మని వాసన వచ్చేదాకా వేయిస్తారు. 70, 75 డిగ్రీలు దాటి వేగితే అమైలేజ్ చచ్చిపోతుంది. ఇక అది రుచిగల చోడిపిండే తప్ప మొలక పిండి కాదు.

పొయ్యి మీద కూడా ఇదే చిక్కు. మరిగే నీళ్లలో పిండి పోస్తే అమైలేజ్ పనిచేసే వ్యవధే దొరకదు, జావ ముద్దకడుతుంది. చల్లటి నీళ్లలో కలిపి సన్నసెగన వేడెక్కిస్తే 60, 70 డిగ్రీల మధ్య అది చురుగ్గా పనిచేసి జావను పలచబరుస్తుంది. అలా కాసేపు ఉంచి, తర్వాత తప్పకుండా మరిగించాలి, క్రిములు చావాలి కదా. పసిపిల్లల విషయంలో దీని విలువ చాలా పెద్దది. చిన్న పొట్టలో పట్టే గిన్నెడు జావలో మామూలు పిండి కంటే దాదాపు రెట్టింపు మొలక పిండి వేసినా, చెంచాతో తాగించేంత పలచగానే ఉంటుంది. పిండి సరిగా తయారైందో లేదో చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. మామూలు పిండి, మొలక పిండి సమానంగా తీసుకుని, సమానంగా నీళ్లు పోసి, విడివిడిగా సన్నసెగన జావ కాచి చూడండి. రెండూ ఒకేలా చిక్కబడితే మొలకెత్తించడంలోనో వేయించడంలోనో తేడా జరిగినట్టే.

బూజు పడిన మొలకలను ఎండబెట్టి వాడేయడం మాత్రం ప్రమాదం. కొన్ని బూజులు వదిలే విషం వేయించినా పోదు. వానాకాలంలో ఎండ నమ్మలేం కాబట్టి, ఆరబెట్టే యంత్రం లేని సంఘాలు చలికాలం, ఎండాకాలాల్లోనే మొలక కట్టడం మేలు. చోడి గింజ ఆరుదల బాగుంటే ఏళ్లతరబడి నిలవుంటుంది. మొలక పిండి అలా కాదు, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకని గింజను నిలవచేసి, పిండిని నెలకు సరిపడా మాత్రమే ఆడించి, మూత బిగువైన డబ్బాలో పోసుకోవాలి.