తాగుడు మానిన ఒంటికి ఏం కావాలి?

ఏళ్ల తరబడి తాగుతున్న మనిషిని ఆస్పత్రిలో చేరిస్తే, అనుభవమున్న డాక్టర్ గ్లూకోజ్ ఎక్కించే ముందో, దాంతోపాటో ఒక చిన్న ఇంజెక్షన్ చేయిస్తారు. అందులో ఉండేది థయమిన్, అంటే బి1 విటమిన్. వ్యసనం మానడానికి తిండీ విటమిన్లూ ఏమాత్రం పనికొస్తాయని ఎవరు అడిగినా, నేను ముందు ఈ ఇంజెక్షన్ గురించే చెబుతాను.

మన ఒంట్లో థయమిన్ నిల్వ దాదాపు 30 మిల్లీగ్రాములే. తిండి ద్వారా రాకపోతే కొద్ది వారాల్లో అడుగంటిపోతుంది. తాగుడు ఈ నిల్వను అన్ని వైపుల నుంచీ తోడేస్తుంది. గ్రాము ఆల్కహాల్‌లో 7 కేలరీలుంటాయి. కడుపు నిండినట్టే ఉంటుంది, అన్నం మీదికి మనసు పోదు, కానీ ఆ కేలరీల వెంట విటమిన్లేవీ రావు. తిన్న ఆ నాలుగు ముద్దల్లోని థయమిన్‌ని కూడా పేగులు సరిగా పీల్చుకోలేవు. పీల్చుకున్నది ఒంట్లో పని చేయాలంటే మెగ్నీషియం కావాలి. తాగేవాళ్లకి అది మూత్రంలో పోతుంటుంది.

మెదడు కణాలు గ్లూకోజ్‌ని శక్తిగా మార్చుకోవడానికి థయమిన్ తప్పనిసరి. అది అడుగంటినప్పుడు చూపు అదురుతుంది, నడక తూలుతుంది, మాటలో పొంతన పోతుంది. 1881లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికి వర్ణించిన జబ్బు ఇది. మూడు లక్షణాలూ ఒకేసారి కనిపించేది కొద్దిమందిలోనే. కనిపించినా, అవి అచ్చం తాగినవాళ్ల లక్షణాల్లాగే ఉంటాయి. 'ఇంకా దిగలేదు, పడుకోనీ' అని ఇంట్లోవాళ్లు వదిలేస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఆలస్యమైతే కొత్త విషయాలు గుర్తుపెట్టుకునే శక్తి పోతుంది. అలాంటి మనిషి మీతో చక్కగా కబుర్లు చెబుతాడు. మీరు బయటికెళ్లి పది నిమిషాల్లో తిరిగొస్తే, 'ఎప్పుడొచ్చారు?' అని కొత్తగా పలకరిస్తాడు. ఈ దశకి రష్యన్ వైద్యుడు కోర్సకోవ్ పేరు పెట్టారు. ఇక్కడిదాకా వచ్చాక పూర్తిగా కోలుకునేవాళ్లు తక్కువ. పేగులు పీల్చుకోలేవు కాబట్టే మొదట్లో మాత్రలు చాలవు, ఇంజెక్షన్ కావాలి.

ఇక్కడ విటమిన్ నిజంగానే ప్రాణం నిలిపే మందు. ఆ నమ్మకాన్ని మిగతా మాత్రలకీ అంటగట్టడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్. దాని స్థాపకుల్లో ఒకరైన బిల్ విల్సన్ 1960ల్లో బి3 విటమిన్‌ని పెద్ద మోతాదుల్లో వాడమని ఎంతో మనస్ఫూర్తిగా ప్రచారం చేశారు. అది తాగుడు మాన్పిస్తుందని మాత్రం రుజువు కాలేదు. పైగా మోతాదు మించితే బి3 లివర్‌ని దెబ్బతీస్తుంది. తాగుడు వల్ల అప్పటికే దెబ్బతిన్నదీ ఆ లివరే.

టైరోసిన్ క్యాప్సూళ్ల కథా ఇలాంటిదే. టైరోసిన్ అంటే ప్రొటీన్లలో ఉండే ఒక అమైనో ఆమ్లం. మెదడులో కోరికనీ ఉత్సాహాన్నీ నడిపే రసాయనం డోపమిన్ తయారయ్యేది టైరోసిన్ నుంచే కాబట్టి, అది మింగితే మెదడులో డోపమిన్ నిండుతుందంటారు. వినడానికి బాగుంటుంది. కానీ టైరోసిన్ మెదడులోకి వెళ్లాలంటే మిగతా అమైనో ఆమ్లాలతో పోటీ పడాలి. వెళ్లినా, దాన్ని డోపమిన్‌గా మార్చే ఎంజైమ్ మామూలుగానే ఊపిరాడని పనిలో ఉంటుంది. సరుకు ఎక్కువ పంపినంత మాత్రాన తయారీ పెరగదు. పైగా వ్యసనంలో చెడేది ముఖ్యంగా డోపమిన్‌ని అందుకునే రిసెప్టర్లు, వాటి చుట్టూ అల్లుకున్న అలవాటు దారులు. అవి చక్కబడడానికి నెలలు పడుతుంది.

విటమినే కదా, పోయేదేముందని అనుకోవడానికీ లేదు. ఫిన్లాండ్‌లో 29 వేలమందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. కెరోటిన్ ఉన్న కూరగాయలు తింటే ఈ భయం లేదు.

మరి రోజూ తినే తిండి ఏం చేస్తుంది? నన్నడిగితే మాత్రల కంటే ఎక్కువే చేస్తుంది. సాయంత్రం అయిదు దాటింది, మధ్యాహ్నం సరిగా తినలేదు. ఒంట్లో నీరసం, చిరాకు, దేని మీదా ధ్యాస నిలవదు. మానేసి నెలయిన మనిషికి ఆ ఘడియలో తోచేది ఒక్కటే, ఒక్క పెగ్గు. ఇన్నేళ్లూ ఆ నీరసానికి అదే జవాబు కాబట్టి ఆకలిని ఆకలిగా గుర్తుపట్టడం ఒళ్లు మరిచిపోయింది. అందుకే వేళకి తినడం ముఖ్యం. గుడ్డో, పప్పో, చేపో, ఏదో ఒక ప్రొటీన్ ప్రతి పూటా ఉంటే మంచిది. యావ పుట్టగానే ముందు ఏదైనా తిని, పావుగంట ఆగి చూడమనండి. ప్రతిసారీ పోదు. కానీ అది ఆకలేనని తేలిన రోజు ఆ మనిషికి కొండంత ధైర్యం వస్తుంది. మొదటి వారాల్లో తీపి మీద పడితే తిట్టకండి, అది చాలామందిలో ఉండేదే.

సిగరెట్ మానేవాళ్లు కాఫీ సంగతి చూసుకోవాలి. పొగలోని పదార్థాలు, కెఫీన్‌ని విరిచేసే లివర్ ఎంజైమ్‌ని పరుగులు పెట్టిస్తాయి. పొగ ఆగిన కొద్ది రోజుల్లోనే అది నెమ్మదిస్తుంది. తాగేది అవే మూడు కప్పులు, రక్తంలో కెఫీన్ మాత్రం రెట్టింపు దాకా చేరుతుంది. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, టెన్షన్. ఇదంతా సిగరెట్ లేకపోవడం వల్లేననుకుని మళ్లీ వెలిగించేవాళ్లున్నారు. కాఫీ సగానికి తగ్గించి చూడాల్సింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. రోజూ విపరీతంగా తాగేవాళ్లు ఇంట్లో ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అక్కడ తిండీ విటమిన్లూ ఆదుకోలేవు, డాక్టర్ పర్యవేక్షణ కావాలి. యావ తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి పరీక్షలకు నిలిచిన మందులున్నాయి. చాలా రోజులుగా తినని మనిషికి ఒకేసారి కడుపునిండా పెట్టడమూ ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండె మీదికి రావచ్చు.

కాబట్టి మీవాళ్లని ఆస్పత్రికి తీసుకెళ్తే, రోజుకి ఎంత తాగేవారో దాచకుండా చెప్పండి. గత పదిహేను రోజుల్లో ఏం తిన్నారో డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. 'థయమిన్ ఇచ్చారా?' అని అడగడానికి మొహమాటపడకండి.