నీరటి చెప్పిన సిగ్నలు పాఠం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆటోలో వస్తుండగా కూడలిలో ఎర్రదీపం దగ్గర చిన్నది ఒక ప్రశ్న వేసింది: అటునుంచి ఒక్క బండీ రానప్పుడు మనమెందుకు ఆగాలి? అప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మా ఊరి చెరువు కింద నీళ్ళు పంచడానికి ఒక నీరటి ఉండేవాడు. ఆయన గడియారం ఎరుగడు. మడిలో కాలు పెట్టి, తడి చాలనుకుంటే మడవ మూసి, నెర్రెలిచ్చిన మడికి నీళ్ళు తిప్పేవాడు. ఒకసారి ఆయనకు జ్వరమొస్తే, కొడుకు ఎవరినీ నొప్పించకూడదని అందరికీ గంట చొప్పున వదిలాడు. పై మడుల గట్లు తెగాయి, చివరనున్న మా మడి ఎండింది, ఆ పూట మా నాన్న అన్నం ముట్టలేదు. సెకన్లు ముందే బిగించిన పాత సిగ్నలు ఆ కొడుకు వంటిది.

కొత్త రకానికి రోడ్డులో పాతిన తీగచుట్టో, స్తంభం మీది కెమెరాయో నీరటి కాలు. ఎటు ఎన్ని బండ్లున్నాయో చూసి పచ్చదీపం సెకన్లు పెంచుతుంది, తగ్గిస్తుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 2012లో 9 కూడళ్ళలో ఇలా చేస్తే ప్రయాణ సమయం సుమారు నాలుగోవంతు తగ్గింది. అక్కడ ప్రతి కూడలీ తన లెక్క తానే వేసుకుని, ఇన్ని బండ్లు వస్తున్నాయని పక్క కూడలికి కబురు పంపుతుంది. మా నీరటి కూడా గట్టెక్కి "వస్తున్నాయిరో!" అని దిగువ మడివాళ్ళకు కేకవేసేవాడు.

ఒక్కచోట నా పోలిక కుదరదు. ఆగిన నీళ్ళకు ఖర్చు లేదు. ఇంజను ఆపకుండా ఆగిన బండి పెట్రోలు తాగుతూనే ఉంటుంది, మళ్ళీ కదిలేటప్పుడు ఇంకా ఎక్కువ పొగ వదులుతుంది. అందుకే ఆగవలసిన సార్లు తగ్గితే మీ ఊపిరికి మేలు. అయితే చెరువే పొంగితే నీరటి ఏం చేయగలడు? నాలుగు వైపులా బండ్లు కిక్కిరిస్తే ఏ యంత్రమూ చోటు పుట్టించలేదు. పైగా, బండ్లను మాత్రమే లెక్కపెట్టి, రోడ్డు దాటలేక నిలబడ్డ మీ నాయనమ్మను లెక్కచేయని సిగ్నలు ఎంత తెలివైనదైనా నాకు నచ్చదు.

ఈ ఆదివారం నాన్నతో మన కూడలికి వెళ్ళండి. వరుసలోని ఆఖరి బండి దాటాక పచ్చదీపం ఇంకా ఎన్ని సెకన్లు ఊరకే వెలిగిందో నాలుగు వైపులా లెక్కపెట్టి నాకు రాయండి. కాలిబాట మాత్రం దిగవద్దు.

మీ తాతయ్య