సినిమా బాగాలేదా, మాటలు వినపడలేదా? ఆపరేటర్ క్యాబిన్ నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

సెకండ్ షో వదిలాక గేటు దగ్గర నిలబడితే కొత్త సినిమా మీద అందరి అభిప్రాయాలూ నా చెవిన పడతాయి. కథ నచ్చిందా లేదా అన్నది చూసినవాళ్ళ ఇష్టం. కానీ "డైలాగులు ఒక్కటి సమజ్ కాలే, దండుగ సినిమా" అని, "అంతా చీకటే, ఏం తీసిండో" అని బండి స్టార్ట్ చేయకముందే స్టేటస్ పెట్టేస్తున్నారు. అక్కడే నాకు మనసు కష్టమవుతుంది. వరంగల్, హనుమకొండ హాళ్ళలో రీళ్ళ కాలం నుంచి ఆపరేటర్‌గా పని చేస్తున్నాను. ఈ రెండు ఫిర్యాదులు చాలాసార్లు సినిమావి కావు, హాలువి.

అపోహ: మాటలు వినపడకపోతే తప్పు సినిమా తీసినవాళ్ళదే.

వాస్తవం: మాటలు దాదాపు అన్నీ తెర వెనక, మధ్యలో ఉండే స్పీకర్ నుంచే వస్తాయి. తెర నిండా సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచి శబ్దం మీదాకా వస్తుంది. పాటలు, ఫైట్ల మోత మాత్రం మిగతా స్పీకర్లు కూడా పంచుకుంటాయి. ఆ మధ్య స్పీకర్‌లో హారన్ యూనిట్, అంటే మాటలను స్పష్టంగా వినిపించే సన్నటి శబ్దాల భాగం, కాలిపోయిందనుకోండి. పాటలు దుమ్ము లేపుతుంటాయి, మాటలు మాత్రం దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటాయి.

ఇంకో కారణం మరీ మామూలుది. సౌండ్ ప్రాసెసర్ మీద ఫేడర్, అంటే శబ్దం పెంచి తగ్గించే మీట, 0 నుంచి 10 దాకా ఉంటుంది. 7 దగ్గర పెడితే మిక్సింగ్ థియేటర్లో విన్న శబ్దమే హాల్లోనూ రావాలని లెక్క. యాడ్స్ మోత ఎక్కువైందని ఎవరో అంటారు, 4కు దించుతాం. సినిమా మొదలయ్యాక మళ్ళీ పెంచడం మరిచిపోతే అంతే సంగతులు. గొంతు తగ్గించి చెప్పే మాటలు అన్నిటికంటే ముందు పోతాయి, కథ ముడి చాలాసార్లు వాటిలోనే ఉంటుంది.

"మరి మీకు తెలుస్తలేదా అన్నా?" అని అడుగుతారు. నిజంగానే తెలియదు. క్యాబిన్లో అద్దం వెనక, మిషన్ ఫ్యాన్ల హోరులో, చిన్న మానిటర్ స్పీకర్లో వింటాం. మీ సీటు దగ్గర ఏం వినపడుతోందో మీరు చెబితేనే మాకు తెలుస్తుంది.

కొన్నేళ్ళ కింద పరకాల వైపు నుంచి ఒక పెద్దమనిషి మనుమరాలితో మ్యాట్నీకి వచ్చాడు. ఇంటర్వెల్ అయిపోయి బెల్లు కొట్టినా లోపలికి పోకుండా మెట్ల మీదే కూర్చున్నాడు. "ఏమైంది బాపూ?" అన్నాను. "చెవులు పోయినయ్ బిడ్డా. పోయిన సినిమాకు గూడ గిట్లనే, మాటలు వినొస్తలేవు. మిషన్ పెట్టిస్తనంటున్నడు కొడుకు" అన్నాడు. ఆయన కళ్ళల్లో భయం చూశాను. కానీ నేను మెల్లగా అడిగింది మెట్ల మీద ఆయనకు చక్కగా వినపడింది! లోపలికి తీసుకెళ్ళి పక్కనే కూర్చున్నాను. ఆ మాటలు నాకూ అర్థం కాలేదు. తెర వెనక చూస్తే మధ్య స్పీకర్ హారన్ యూనిట్ పోయింది. ఎన్ని రోజులుగా పోయిందో! అన్ని షోల జనం చూసి వెళ్ళారు, ఒక్కరూ వచ్చి చెప్పలేదు. సినిమాను తిట్టుకున్నారు, లేదంటే ఆయనలా తమ చెవులను అనుమానించుకున్నారు. యూనిట్ మార్చాక ఆయన్ని మళ్ళీ పిలిపించి చూపించాను. మొదటి సీన్‌కే నా చెయ్యి పట్టుకున్నాడు.

అందుకే బతిమాలుతున్నాను, మొదటి పది నిమిషాల్లోనే లేచి గేటు దగ్గర ఉన్నవాళ్ళతో "డైలాగ్ సౌండ్ తక్కువుంది, ఆపరేటర్‌కు చెప్పండి" అనండి. సిగ్గుపడొద్దు, టికెట్ డబ్బులు మీవి. కుదిరితే తెర నుంచి మూడింట రెండు వంతుల దూరంలో, నడిమి సీట్లు తీసుకోండి. హాల్లో సౌండ్ సరిచేసేది అక్కడ కొలిచే.

బొమ్మ చీకటిగా ఉండడమూ ఇలాంటిదే. తెర మధ్యలో 14 ఫుట్‌ల్యాంబర్ట్‌ల (తెర వెలుతురును కొలిచే లెక్క) వెలుతురు ఉండాలి. ప్రొజెక్టర్‌లోని జినాన్ దీపం ముసలిదైనా, 3డీ షో తర్వాత లెన్స్ ముందు ఫిల్టర్ తీయకపోయినా రాత్రి సీన్లన్నీ నల్లగా ముద్దకడతాయి. 3డీ కోసం వేసే సిల్వర్ తెర అయితే పక్క సీట్లకు వెలుతురు ఇంకా తగ్గుతుంది. ఇదీ చెప్పండి.

మిగతావి తొందరగా చెప్పేస్తాను.

"థియేటర్ వాళ్ళు సీన్లు కట్ చేశారు." రీళ్ళ రోజుల్లో కత్తెర పడేది, నిజమే. ఇప్పుడు వచ్చేది తాళం వేసిన డిజిటల్ ఫైల్. కీ వస్తేనే ఆడుతుంది, అదీ ఇచ్చిన తేదీల మధ్యే. నిడివి తగ్గిందంటే కొత్త వెర్షన్ పైనుంచే వచ్చింది.

"పది రోజులైంది, ప్రింట్ అరిగి ఉంటుంది." ఫైల్ అరగదు.

"స్టేటస్‌కు చిన్న క్లిప్పే కదా." తమ్మీ, వద్దు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. హాల్లో సినిమాను రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా ఉన్నాయి. ఏ హాల్లో, ఎన్ని గంటలకు తీశారో చెప్పే గుర్తు కంటికి కనపడకుండా బొమ్మలోనే ఉంటుంది. మీ అభిప్రాయం మాటల్లో రాయండి.

"అమ్మానాన్న పక్కనుంటే ఏ సినిమాకైనా పిల్లల్ని తీసుకుపోవచ్చు." సెన్సార్ సర్టిఫికెట్ యూఏ 7+, 13+, 16+ అయితే ఆ వయసు లోపు పిల్లలకు చూపించాలా వద్దా అన్నది తల్లిదండ్రుల నిర్ణయం. "A" (పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్ అయితే 18 నిండని స్కూలు పిల్లల్ని ఎవరు వెంట ఉన్నా పంపకూడదు. చుట్టాలెవరో "ఫ్యామిలీతో చూడొచ్చు" అని స్టేటస్ పెడితే నమ్మి, నర్సంపేట నుంచి బస్సులో ఇద్దరు పిల్లలతో వచ్చినవాళ్ళను మొన్న గేటు దగ్గరే ఆపాల్సి వచ్చింది. పాప కొత్త గౌను వేసుకుని వచ్చింది. టికెట్ బుక్ చేసే ముందు పేరు పక్కనున్న ఆ అక్షరం ఒక్కసారి చూడండి.