బొమ్మ పక్కన అంటించే అర పేజీ: అపోహలు - వాస్తవాలు

నేను చెన్నైలో ఎచింగులు చేస్తాను. జింకు రేకు మీద యాసిడ్‌ను ఆపే పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి, సిరా పట్టించి, ప్రెస్సులో తడి కాగితం మీదకు దించే పని. ప్రదర్శనకు పంపేటప్పుడు పనితో పాటు ‘స్టేట్‌మెంట్’ కూడా అడుగుతారు, అంటే ఆ పని గురించి మనమే రాసి బొమ్మ పక్కన అంటించే అర పేజీ. వారాల తరబడి రేకుతో కుస్తీ పట్టేవాళ్లం కూడా ఆ అర పేజీ అనగానే టెన్షన్ పడతాం. పదిహేనేళ్లుగా రాస్తున్నాను. అందులో చాలా ఏళ్లు నిజం రాయలేదు.

అపోహ: బొమ్మే మాట్లాడాలి, రాత ఎందుకు?

చిత్రకారుడు వాన్ గో 1888 అక్టోబరులో తన పడకగది బొమ్మ గురించి తమ్ముడు థియోకు ఉత్తరం రాశాడు. గోడలు లేత ఊదా, నేల ఎర్ర పలకలు, మంచం, కుర్చీలు తాజా వెన్న పసుపు అని ఒక్కో రంగూ చెప్పాడు. ఆ రంగులు చూస్తే విశ్రాంతి గుర్తుకు రావాలని కూడా రాశాడు. ఇవాళ ఆ గోడలు నీలంగా కనిపిస్తాయి. ఊదాలో కలిసిన ఎరుపు వెలిసిపోయింది. బొమ్మలోంచి పోయిన ఆ రంగు ఉత్తరంలో ఇంకా ఉంది. నాకు తెలిసినంతలో మన పని గురించి రాయడమంటే ఇదే.

అపోహ: వెనకాల ఏదో పెద్ద అర్థం ఉండాలి.

నన్ను ఎక్కువ కాలం పట్టుకున్నది ఇదే. నా పడవల ఎచింగుల పక్కన ‘మూలాల అన్వేషణ’, ‘ఊరు వదిలిన వేదన’ అని రాసిపెట్టాను. ఒక పెద్దాయన, మాట నెల్లూరు వైపుది, అదంతా నెమ్మదిగా చదివి, “మీది ఏ ఊరమ్మా?” అన్నారు.

“చెన్నైలోనే, పెరంబూరండీ. పుట్టింది కూడా అక్కడే.”

“మరి ఊరు వదిలిందెవరు తల్లీ?”

వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు. నా దగ్గర జవాబు లేదు. జరిగింది వేరు. ఆదివారాలు చేపల కోసం కాసిమేడు రేవుకు వెళ్లేదాన్ని. మరమ్మతుకు ఒడ్డెక్కించిన పడవ అడుగున పాత రంగు పొరలు పొరలుగా లేచిపోయి ఉంటే, యాసిడ్ తినేసిన రేకులా అనిపించి గీశాను. అంతే. ఇప్పుడు ఆ ముక్కే రాస్తున్నాను. అది చదివినవాళ్లు వంగి పడవ అడుగును చూస్తున్నారు. ఇదివరకు ఎవరూ అలా చూడలేదు.

అపోహ: పొరపాటు జరిగిందని చెప్పకూడదు.

ఒక ప్రింటులో ఆకాశం నిండా సన్నటి చుక్కలున్నాయి. పూత పల్చగా పడినచోట యాసిడ్ లోపలికి దిగింది, మేం దీన్ని ఫౌల్ బైటింగ్ అంటాం. నేను మాత్రం ‘నక్షత్రాలను ఇలా సాధించాను’ అని రాశాను. అది నమ్మి, నేర్చుకుంటున్న ఒక అమ్మాయి అలాగే చేయబోయి రెండు రేకులు పాడుచేసుకుంది. జింకు రేకులు ఊరికే రావు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఇప్పుడు ఆ ప్రింటు కింద ‘పూత నిలవక పడిన చుక్కలు, నచ్చి ఉంచేశాను’ అని ఉంటుంది. పడటం నా చేతిలో లేదు, ఉంచడం నా నిర్ణయం. రెండూ చెప్పాలి.

అపోహ: కింద రాసే వివరాలు లాంఛనమే.

కాదు. 4/15, అంటే పదిహేనులో నాలుగోది, అని పెన్సిల్‌తో రాశామంటే ఆ ఎడిషన్‌లో (ఒకే రేకు నుంచి తీసిన ప్రింట్ల వరసలో) పదిహేనే ఉంటాయని మాట ఇచ్చినట్టు. అవి అయ్యాక రేకు మీద అడ్డంగా గీత గీసేయడం అందుకే. రేకు 2019లో చేసి ప్రింటు 2023లో తీస్తే రెండూ రాయాలి. ఫోటో మీంచి ట్రేస్ చేస్తే ఆ మాటా రాయాలి. డిజిటల్ ప్రింటు తక్కువదేం కాదు. కానీ ఎచింగుల మధ్య దాన్ని వట్టి ‘ప్రింట్’ అని వేలాడదీస్తే కొనేవాళ్లను మోసం చేసినట్టే.

అపోహ: ఇంగ్లీషులో, కాస్త అర్థం కాకుండా రాస్తేనే గౌరవం.

‘ఈ చిత్రం స్థలాన్ని ప్రశ్నిస్తుంది’ లాంటి వాక్యం ఇంగ్లీషులో అలవాటుగా వచ్చేస్తుంది. తెలుగులో రాసుకోగానే ‘ఏమని?’ అని నేనే ఆగిపోతాను. అందుకే మొదటి చిత్తుప్రతి తెలుగులోనే. 1966లో చెన్నై దగ్గరి ఇంజంబాక్కంలో చోళమండలం కళాకారుల గ్రామానికి నాంది పలికిన చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ తన బొమ్మల్లో అక్షరాల్లాంటి గీతలు నింపారు. అవి చదవడానికి కుదరవు, బొమ్మకు అదే బలం. పక్కన అంటించే కాగితం మాత్రం చదవడానికే ఉంది.

అపోహ: నిజాయితీ అంటే సొంత బాధలన్నీ బయటపెట్టడం.

మా నాన్న పోయిన ఏడాది ఆరు ప్రింట్లు తీశాను. వాటి పక్కన కొలతలు, కాగితం, సంవత్సరం మాత్రమే రాశాను. ఆయన సంగతి నేను ఎవరికైనా చెప్పాలనుకుంటే, ఆ మనిషితో మాట్లాడి చెబుతాను.