యోగా చేస్తే నడక మానేయవచ్చా? కొన్ని అపోహలు, వాస్తవాలు

యోగా నేర్పే వృత్తిలో ఉన్న నాకు, నడివయసు దాటి చేరినవారి నోట తరచుగా వినబడే మాట ఒకటుంది: “రోజూ గంటసేపు ఆసనాలు వేస్తున్నాం కదండీ, ఇంక నడక ఎందుకని మానేశాం.” గుండె విషయంలో ఇంతకన్నా నష్టం చేసే అపోహను నేను చూడలేదు.

అపోహ: యోగా ఎలా చేసినా గుండెకు వ్యాయామమే.

వాస్తవం: ఆసనంలో స్థిరంగా నిలిచినప్పుడు కండరాలు సాగుతాయి, బలపడతాయి, కాని తొడలు, పిరుదుల వంటి పెద్ద కండరాలు ఎడతెగకుండా కదిలితే తప్ప గుండె వేగం పెరిగి, ఆ స్థాయిలో నిలవదు. శ్రమను మెట్‌లలో కొలుస్తారు; ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తి ఒక మెట్. నింపాదిగా సాగే హఠయోగ సాధన సాధారణంగా 2 నుంచి 3 మెట్‌ల దగ్గరే ఉంటుంది. మధ్యస్థాయి వ్యాయామం 3 మెట్‌ల వద్ద మొదలవుతుంది, చురుకైన నడక ఆ హద్దును సులువుగా దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించినది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం. ఆగకుండా, వేగంగా చేసే సూర్యనమస్కారాలు అందులోకి వస్తాయి. వజ్రాసనం, శవాసనం రావు.

బీపీ ఉన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఈ మాట నమ్మలేదు. త్రికోణాసనం, పశ్చిమోత్తానాసనం అయ్యాక ఆవిడ చేతనే మణికట్టు దగ్గర నాడి లెక్కపెట్టించాను: నిమిషానికి 84. మరో రోజు పది నిమిషాలు విరామం లేకుండా సూర్యనమస్కారాలు చేయించి చూస్తే 112. అరవయ్యేళ్ల వ్యక్తికి 220 నుంచి వయసు తీసివేయగా వచ్చే 160లో, 64 నుంచి 76 శాతం, అంటే దాదాపు 102 నుంచి 122 వరకు మధ్యస్థాయి. “అయితే ఇన్నాళ్లూ వచ్చి పడుకుని వెళ్లానా మాస్టారూ?” అన్నారావిడ. అదేమీ కాదు. కీళ్ల కదలిక, తూలిపోకుండా నిలబడే పట్టు, నిద్ర, కొంతమేరకు బీపీ కూడా ఆ సాధనతో మెరుగుపడతాయి. నడక చేసే పని మాత్రం అది చేయదు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి ఈ నాడి లెక్క వర్తించదు కనుక, మాట్లాడగలిగి పాట పాడలేనంత ఆయాసాన్ని వారు గుర్తుగా పెట్టుకోవాలి.

చెమట పట్టడం కొలమానం కాదు. మే నెలలో హైదరాబాదులో ఊరికే కూర్చున్నా పడుతుంది. వేగంగా ఊపిరి వదిలే కపాలభాతిలో గుండె కాస్త వేగంగా కొట్టుకున్నా కాళ్లు కదలవు కనుక అది నడకకు బదులు కాదు. ప్రాణాయామంతో గుండె రక్తనాళాల్లోని బ్లాకులు కరిగిపోతాయని వాట్సాప్‌లో తిరిగే మాటలకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు; వాటిని నమ్మి వైద్యుని అడగకుండా మాత్రలు ఆపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

స్టెంట్ వేయించుకున్నవారు చేయి పైకెత్తడానికే భయపడుతూ వస్తారు, ఆ భయం సహజమే. వైద్యుని అనుమతి తీసుకుని, శీర్షాసనం, కుంభకం (ఊపిరి బిగబట్టడం) జోలికి పోకుండా, సూర్యనమస్కారాలను నెమ్మదిగా రెండు ఆవృత్తులతో మొదలుపెట్టి, వారాల మీద పెంచుకోవాలి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, తల తిరగడం కనిపిస్తే ఆ క్షణమే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. కాసేపు శవాసనంలో పడుకుంటే అదే తగ్గుతుందని ఎదురుచూడకూడదు.