వెనక్కి నడపక్కర్లేని షెడ్డు

ట్రాక్టరుకు కట్టిన రెండు చక్రాల ట్రక్కును ముందుకు లాగేటప్పుడు దాన్ని పట్టించుకోనవసరం లేదు. కాస్త వంకరగా ఉన్నా నాలుగడుగులు లాగితే దానంతటదే వరసలోకి వస్తుంది. వెనక్కి నెట్టేటప్పుడు కథ తిరగబడుతుంది. కొక్కెం నుంచి ట్రక్కు ఇరుసు వరకు 9 అడుగులు ఉందనుకుందాం. మొదట 5 డిగ్రీల వంకర ఉండి, ట్రాక్టరు నేరుగా వెనక్కి వస్తే, 9 అడుగులకల్లా ఆ వంకర 13 డిగ్రీలు దాటుతుంది. 18 అడుగులకు 35 డిగ్రీలు అవుతుంది. అంటే కొక్కెం-ఇరుసు దూరమంత వెనక్కి వచ్చిన ప్రతిసారీ వంకర దాదాపు రెండున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. పొట్టి ట్రక్కును వెనక్కి నడపడం పొడుగుదానికన్నా కష్టం కావడానికి కారణం ఇదే. ముందుకు పోయేటప్పుడు అదే లెక్క తిరగబడి వంకర కరిగిపోతుంది.

షెడ్డు స్తంభాలకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం వెనక్కి నడిపేటప్పటివే. అందుకే ఒక వైపు నుంచి వచ్చి రెండో వైపు నుంచి వెళ్లిపోయే షెడ్డు మంచి ఆలోచన. కృష్ణా, గోదావరి డెల్టాల్లో దానికి మరో ఉపయోగమూ ఉంది. కోతల వేళ మబ్బు పడితే ధాన్యం బస్తాల ట్రక్కు, ట్రాక్టరు విప్పకుండానే కప్పు కిందికి వచ్చేస్తుంది, వాన వెలిశాక ముందుకే వెళ్లిపోతుంది.

ఇలాంటి షెడ్డు రెండు రకాలుగా కట్టుకోవచ్చు. ఒకటి సొరంగం పద్ధతి: కొప్పు (కప్పు రెండు వాలులూ కలిసే పైగట్టు) ఏ దిక్కుగా ఉంటే దారి ఆ దిక్కుగానే, రెండు చివరలా తలుపులు. తలుపు కొప్పు కిందే కాబట్టి ఎత్తు ఎక్కువ వస్తుంది, పొడవైన గోడలు మూసే ఉంటాయి కాబట్టి కట్టడానికి బలమూ ఎక్కువ. కానీ ముందు పెట్టిన రోటవేటర్ కదిలితేగాని వెనకున్న గొర్రు బయటికి రాదు. రెండోది అడ్డదారి పద్ధతి: చూరు కింద నుంచి లోపలికి వచ్చి ఎదుటి చూరు కింద నుంచి బయటికి. ప్రతి గదికీ రెండు వాకిళ్లు, ఏ యంత్రం దారి దానిదే. మూడు నాలుగు యంత్రాలకు మించి ఉన్నచోట రెండోదే నయం. ఇక్కడ లెక్కలన్నీ దానికే: 16 అడుగుల గదులు నాలుగు, మొత్తం 64 అడుగుల పొడవు, 30 అడుగుల లోతు. ట్రాక్టరు, ట్రక్కు కలిపి సుమారు 26 నుంచి 28 అడుగులు వస్తాయి కాబట్టి జత విప్పకుండానే లోపల ఇముడుతుంది.

ముందు యంత్రాలను టేపుతో కొలవాలి. కంపెనీ కాగితంలోని ఎత్తును నమ్ముకోకూడదు, పొగగొట్టమూ పైన బిగించిన గొడుగూ అందులో ఉండకపోవచ్చు. ట్రాక్టరు వెడల్పు ఆరడుగులే గదా అని 8 అడుగుల వాకిలి పెడితే, దమ్ము చక్రాలు (బురద దున్నడానికి వేసే ఇనుప చక్రాలు) బిగించిన రోజున ఇబ్బంది మొదలవుతుంది. ట్రాక్టరుకు 12 అడుగుల వాకిలి చాలు. టైర్ల వరికోత మిషనుకు ముందున్న కోత బల్లే 14 అడుగులు ఉండొచ్చు, కాబట్టి ఆ ఒక్క గదిని 18 అడుగులకు పెంచి, చూరు కింద 14 అడుగుల ఖాళీ ఎత్తు వదలాలి. చూరు దగ్గర స్తంభానికీ దూలానికీ మధ్య ఏటవాలుగా వేసే మూల కర్రను మరిచిపోవద్దు. ఎత్తు కొలవాల్సింది దాని కింది అంచు నుంచే.

మలుపు కూడా కొలవాలి. కొక్కెం 15 అడుగుల వ్యాసార్ధంలో తిరుగుతూ ఉంటే, 9 అడుగులు వెనకున్న ఇరుసు 12 అడుగుల వ్యాసార్ధంలోనే తిరుగుతుంది. అంటే ట్రక్కు చక్రాలు 3 అడుగులు లోపలికి కోసుకుపోతాయి. మూల మట్టం సరిచూడటానికి మేస్త్రీలు వాడే 3-4-5 లెక్కే ఇక్కడా పనిచేస్తోంది. వాకిలి పక్కనే మలుపు ఉంటే ట్రాక్టరు క్షేమంగా దాటి, ట్రక్కు మాత్రం స్తంభాన్ని గీసేది ఈ 3 అడుగుల వల్లే. రెండు వైపులా కనీసం 30 అడుగుల నేరుదారి, దాని అవతల తిరగడానికి మరో 20 అడుగుల ఖాళీ ఉండాలి. అంత స్థలం ఒకవైపే ఉంటే రెండో వాకిలి అలంకారమే అవుతుంది. ఆ డబ్బుతో మూడు గోడల మామూలు షెడ్డు కట్టుకోవడం మేలు. ప్రతి వాకిలి పక్కనా 4 అంగుళాల ఇనుప గొట్టాన్ని కాంక్రీటుతో నింపి, 3 అడుగులు పైకి ఉండేలా పాతితే దెబ్బ అది తింటుంది, స్తంభం తినదు.

దారులు ఉత్తర దక్షిణాలుగా, కొప్పు తూర్పు పడమరలుగా ఉండాలి. ఉదయం, సాయంత్రం వాలుగా వచ్చే ఎండ తూర్పు పడమర వాకిళ్లలోంచి షెడ్డు ఆ చివరిదాకా పోయి టైర్ల రబ్బరును పగలగొడుతుంది. దక్షిణం వైపు ఎండ అంత లోపలికి రాదు. విజయవాడ అక్షాంశంలో డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు.

ఇక అసలు సమస్య గాలి. కప్పు బరువు కిందికి మోస్తే చాలనుకుని కట్టిన షెడ్లే తుఫానుకు లేచిపోతాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరు ప్రాంతాలకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44 మీటర్లు. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ దాదాపు ఆ స్థాయిదే. వేగాన్ని దానితోనే గుణించి, 0.6తో మళ్లీ గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల ఒత్తిడి వస్తుంది. రేకులు, వాటి కింది అడ్డ కడ్డీలు (పర్లిన్లు), వాటిని మోసే చట్రాలు (ట్రస్సులు) అన్నీ కలిపినా కప్పు బరువు చదరపు మీటరుకు 20 కిలోలు. కప్పు మీదుగా పోయే గాలి దాన్ని పైకి లాగే బలం ఆ బరువుకు ఏడు రెట్ల పైనే.

మన షెడ్డులో మధ్య స్తంభం ఒక్కోటి, 3 అడుగుల చూరుతో కలిపి, సుమారు 27 చదరపు మీటర్ల కప్పును పట్టుకుంటుంది. గాలి పైకి లాగే బలం దాదాపు 4 టన్నులు, అందులో కప్పు సొంత బరువు అర టన్ను పోతే మూడున్నర టన్నులను పునాది కిందికి లాగి పట్టాలి. ఊళ్లలో మామూలుగా చేసేది అడుగున్నర చదరం, మూడడుగుల లోతు గుంత తీసి, గొట్టం నిలబెట్టి కాంక్రీటు పోయడం. ఆ దిమ్మె బరువు అర టన్ను కూడా ఉండదు. చుట్టూ మట్టి రాపిడి కొంత పట్టుకుంటుంది గానీ, తడిసిన నల్లరేగడిలో దాన్ని నమ్ముకోలేం.

5 అడుగుల చదరం, అడుగు మందం కాంక్రీటు పాదం వేసి, పైన 3 అడుగుల మట్టి గట్టిగా దిమ్మిస్తే కాంక్రీటు, మట్టి కలిసి 5 టన్నులు వస్తాయి. చాలనిపిస్తుంది. కానీ తుఫాను పొడిగా రాదు. నీరు నేలమట్టం దాకా ఊరితే మట్టి, కాంక్రీటు రెండూ నీటిలో తేలికవుతాయి. బావిలో ఉన్నంతసేపూ బిందె తేలిగ్గా రావడంలాంటిదే ఇది. ఆ 5 టన్నులు 3 టన్నులకన్నా దిగువకు పడిపోతాయి. అందుకే డెల్టాలో పాదం 6 అడుగుల చదరం, లోతు 5 అడుగులు పెట్టాలి. మునిగినా ఐదు టన్నులకు దగ్గరగా నిలబడుతుంది. నల్లరేగడిలో ఈ లోతు ఇంకో విధంగానూ పనికొస్తుంది. ఎండకు బీటలు వేసి, వానకు ఉబ్బే పైపొర కదలికలు పాదం దాకా తగ్గి వస్తాయి. ఇవి అంచనా లెక్కలు. బోల్టుల కొలత, స్తంభాల మందం స్ట్రక్చరల్ ఇంజనీరుతో సరిచూపించుకోవాలి. కట్టడం ఖర్చు ముందు ఆ రుసుము చిన్నది.

రెండు వైపులా వాకిళ్లున్న షెడ్డుకు తనదైన ప్రమాదం ఒకటుంది. గాలి వచ్చే వైపు తలుపు తెరిచి, ఎదుటిది మూసి ఉంటే షెడ్డు సంచిలా గాలి నింపుకుంటుంది. లోపలి గాలి పైకి నెడుతుంది, బయటి గాలి పైకి లాగుతుంది, రెండూ కలిసి లెక్క ఒకటిన్నర రెట్లు అవుతుంది. స్తంభానికి 4 టన్నులన్నది 6 అవుతుంది. గొడుగు తిరగబడేది ఇలాగే. తుఫాను హెచ్చరిక వస్తే అన్ని తలుపులూ మూసి గడియలు బిగించాలి, లేదా రెండు వైపులా పూర్తిగా తెరిచి ఉంచాలి. ఒకవైపు మాత్రం మూయడం అన్నిటికన్నా చెడ్డది. రోలింగ్ షట్టరు వెడల్పు 12 అడుగులు దాటితే గాలికి వంగి గాడిలోంచి ఊడిపోయే ప్రమాదం పెరుగుతుంది.

రెండు పొడవైన వైపులా వాకిళ్లే ఉంటే షెడ్డు పక్కకు ఒరగకుండా పట్టే గోడ ఉండదు. దీనికి చవకైన ఉపాయం నాలుగు గదుల్లో చివరిదాన్ని దారిగా వాడకపోవడం. రెండు వైపులా మూసి, ఇంటూ గుర్తులా ఇనుప కడ్డీలు బిగించి, దాన్ని పనిముట్ల గదిగా మార్చుకోవాలి. మిగతా మూడూ దానికి ఆనుకుని నిలబడతాయి. ఎరువుల బస్తాలు మాత్రం ఆ గదిలోనూ పెట్టొద్దు. యూరియా గాలిలో తేమ పీల్చి చెమర్చుతుంది, ఆ తడి రేకులను, బోల్టులను తినేస్తుంది.

రేకులు ఊడటం అంచుల్లో మొదలవుతుంది. చూరు, కొప్పు, చివరి గోడల వెంట స్క్రూలు మధ్యలోకన్నా రెట్టింపు దగ్గరగా వేయాలి. రబ్బరు వాషరు నలిగిపోయేంత బిగిస్తే రెండేళ్లలో అక్కడే కారుతుంది.

అడ్డదారి షెడ్డులో చూరు నీళ్లన్నీ వాకిట్లోనే పడతాయి. గంటకు 100 మిల్లీమీటర్ల వానకు ఒక్కో వైపు దాదాపు 10,700 లీటర్లు. కాలువ తొట్టీ, దిగువకు గొట్టాలూ లేకపోతే ర్యాంపు అడుగు ఒక్క వానాకాలంలోనే గుంతపడుతుంది. లోపలి నేల బయటికన్నా అడుగున్నర ఎత్తు, ర్యాంపు పదడుగులకు అడుగు వాలు, వాకిలి ముందు 8 అడుగులు సమతలంగా ఉండాలి. ఈ సమతలం లేకపోతే ర్యాంపు ఎక్కుతూ ముక్కు పైకెత్తిన మిషను చూరును తాకుతుంది. గచ్చు మధ్యలో కాస్త ఎత్తుగా, రెండు వాకిళ్ల వైపు నూరడుగులకు అడుగు చొప్పున వాలాలి. కాంక్రీటు 6 అంగుళాలు, పగుళ్లు అదుపులో ఉండేందుకు 13 అడుగులకొక గాటు. దమ్ము చక్రాలూ ఇనుప చైను మిషనూ వచ్చే గదికి మాత్రం కాంక్రీటు వద్దు. ఇనుప పళ్ల కింద దాని అంచులు ముక్కలవుతాయి. 9 అంగుళాల మొరం మూడు పొరలుగా పోసి, తడిపి రోలరు తొక్కిస్తే సరిపోతుంది. ఏడాదికోసారి చదును చేసుకోవచ్చు.